లింకన్ టౌన్ కార్‌లో గాలి బ్యాగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేసుకోవడం

పొద్దున లేచి చూస్తే కారు వెనక భాగం టైర్ల మీదకి కూలబడి ఉంటుంది. స్టార్ట్ చేస్తే ముందు నుంచి కంప్రెసర్ గుర్రుమంటూ తిరుగుతుంది, కాసేపటికి లేస్తే లేస్తుంది, లేకపోతే ఆ రోజంతా అలాగే ఈడ్చుకుంటూ తిరగాలి. అమెరికాలో పాత లింకన్ టౌన్ కార్ కొనుక్కున్న ఎవరికైనా ఇది తెలిసిన బాధే. మెకానిక్ దగ్గరికి వెళ్తే చెప్పే లెక్క వింటే కారు ధర కంటే రిపేరు ధర ఎక్కువనిపిస్తుంది. అందుకే చాలామంది సస్పెన్షన్‌లోని ఆ గాలి బ్యాగులు (ప్రమాదంలో తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు కాదు, కారు బరువు మోసేవి) పీకేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేసేసుకుంటారు. ఇంట్లో చేసుకోగల పనే, ఒక శనివారం చాలు. కాకపోతే ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ముందే తెలిసి దిగాలి.

ఇక్కడ చెప్పేదంతా 1998 నుంచి 2011 దాకా వచ్చిన టౌన్ కార్ గురించి, అంటే 4.6 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టే వాట్స్ లింక్ ఉన్నవి. ఈ కార్లలో ముందు చక్రాలకి మొదటి నుంచీ కాయిల్ స్ప్రింగులే, గాలి వెనక రెండిటికే. లింకన్ ఫోర్డ్ వాళ్ల బ్రాండే. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ కూడా పాంథర్ అని పిలిచే ఇదే చాసిస్ మీద వచ్చినవే, వాటిలో ఎక్కువ శాతం కార్లకి వెనక కూడా కాయిల్సే. అమెరికా పోలీసులు, న్యూయార్క్ టాక్సీవాళ్లు ఏళ్ల తరబడి అరగదీసింది ఆ క్రౌన్ విక్‌లనే. అంటే మనం కొత్తగా కనిపెడుతున్నది ఏమీ లేదు, ఈ చాసిస్‌కి కాయిల్ సరిపోతుందని ఫోర్డే ఎప్పుడో చూపించింది. ఈ పని ఇంత తేలిగ్గా అయిపోవడానికి కారణం కూడా అదే.

గాలి సస్పెన్షన్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. హైదరాబాద్–విజయవాడ రూట్‌లో గరుడ వోల్వో ఎక్కినవాళ్లకి ఆ మెత్తదనం తెలుసు, ఇక్కడ ఉన్నది చిన్న సైజులో అదే. వెనక యాక్సిల్‌కీ ఫ్రేముకీ మధ్య రెండు రబ్బరు బ్యాగులు, వాటిలోకి గాలి కొట్టడానికి ఇంజిన్ బేలో ఒక కంప్రెసర్, ఒక్కో బ్యాగుకి ఒక సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), కారు ఎంత ఎత్తులో ఉందో చూసే సెన్సర్, ఇవన్నీ నడిపే ఒక మాడ్యూల్. డిక్కీలో బరువు వేస్తే కారు కుంగినట్టు సెన్సర్ చెప్తుంది, కంప్రెసర్ గాలి నింపి మళ్లీ లెవెల్‌కి తెస్తుంది. బాగున్నన్ని రోజులు చాలా బాగుంటుంది, అందులో రెండో మాట లేదు.

మార్చాలని నిర్ణయించుకునే ముందు ఒక్క పని చేయండి. గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, కారు పైకి లేచి ఉన్నప్పుడు బ్యాగు కింద మడత పడే చోట, పైన సోలినాయిడ్ చుట్టూ, గాలి పైపు జాయింట్ల దగ్గర చల్లి చూడండి. బుడగలు మడత దగ్గర వస్తే రబ్బరు పగిలింది, బ్యాగు పని అయిపోయినట్టే. సోలినాయిడ్ దగ్గర వస్తే చాలాసార్లు అది కేవలం ఓ-రింగుల (గాలి పోకుండా ఆపే చిన్న రబ్బరు రింగుల) సమస్య, కాఫీ ఖర్చుతో పోయేది. ఒక పక్కే కుంగుతుంటే ఆ పక్క బ్యాగో ఓ-రింగో. రాత్రంతా నిలబడే ఉండి, బరువు వేసినప్పుడు మాత్రం లేవకపోతే కంప్రెసర్నో, దాని రిలేనో, ఫ్యూజునో అనుమానించాలి. చిన్న లీకుని పట్టించుకోకుండా వదిలేస్తే కంప్రెసర్ అదే పనిగా తిరిగి తిరిగి కాలిపోతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు. చాలా కార్లు కాయిల్స్‌కి మారేది ఈ దశలోనే.

ఇంకో మాట. గాలి బ్యాగుల జత ధరకీ కాయిల్ కిట్టు ధరకీ మరీ పెద్ద తేడా ఉండదు. కంప్రెసర్ బాగుండి బ్యాగులు మాత్రమే పోయి ఉంటే, కారుని ఇంకొన్నేళ్లు మెత్తగా నడుపుకోవాలని ఉంటే, బ్యాగులే మార్చుకోండి అంటాను. ముఖ్యంగా ఇండియా ప్రయాణాలప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి మీ కారే వాడేవాళ్లు. నలుగురికి మనిషికి రెండు చొప్పున 23 కిలోల సూట్‌కేసులు ఎనిమిది, అంటే 184 కిలోలు, పైగా మనుషులు, పైగా ఆవకాయ జాడీలు. గాలి సస్పెన్షన్ ఆ బరువుని చూసి లెవెల్ చేసుకుంటుంది, కాయిల్ చేసుకోదు, వెనక దిగబడి హెడ్‌లైట్లు చెట్ల మీదకి కొడతాయి. గట్టి స్ప్రింగులు వేస్తే ఆ కుంగడం తగ్గుతుంది కానీ ఖాళీగా వెళ్లేటప్పుడు గతుకు గతుకుకీ నడుముకి తెలుస్తుంది. ఏది కావాలో ముందే తేల్చుకోండి. అదే కంప్రెసరూ పోయి, బ్యాగులూ పోయి, కారు ఆఫీసుకీ కాస్ట్‌కోకీ మాత్రమే తిరిగేదైతే, కాయిల్స్ వేసేసి మర్చిపోవచ్చు.

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఎస్-క్లాస్ కొనుక్కున్నవాళ్లు ఇది చదివి ఉత్సాహపడొద్దు. ఎయిర్‌మాటిక్ (బెంజ్ వాళ్ల గాలి సస్పెన్షన్) ఉన్న కారులో నాలుగు చక్రాలకీ గాలి ఉంటుంది, ముందు చక్రాలకి బ్యాగూ షాకూ (షాక్ అబ్జార్బరూ) కలిసి ఒకే స్ట్రట్, షాక్ గట్టిదనాన్ని కూడా కంప్యూటరే మారుస్తుంది. దానికీ కన్వర్షన్ కిట్లు ఉన్నాయి కానీ అది వేరే పని, వేరే ఖర్చు.

ఇక సామాను. స్ప్రింగులకి రెండు దారులున్నాయి. ఒకటి, ఆర్నాట్, స్ట్రట్‌మాస్టర్స్ లాంటి సంస్థలు అమ్మే టౌన్ కార్ కన్వర్షన్ కిట్టు. రెండోది, అదే చాసిస్ కాయిల్ కారుకి వచ్చే స్ప్రింగులు విడిగా కొనడం. విడిగా కొనేటప్పుడు పోలీస్ ప్యాకేజీ స్ప్రింగులు చవగ్గా దొరికాయని ఎగబడకండి, అవి టౌన్ కార్ కూర్చోవాల్సిన తీరుకి గట్టివి. రెండో దారిలో చాలామంది మర్చిపోయేది స్ప్రింగుకి పైనా కిందా వచ్చే రబ్బరు ఇన్సులేటర్లు. ఇనుము మీద ఇనుము కూర్చుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ నుంచే కిర్రుకిర్రుమంటుంది. కిట్టు కొన్నా సరే పెట్టెలో ఇన్సులేటర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. మీ కారు పొడవు వీల్‌బేస్ ఉన్న ఎల్ మోడలైతే ఆ సంగతి ఆర్డర్‌లోనే చెప్పండి, బరువు తేడా ఉంటుంది.

వెనక షాకులు కూడా ఇదే రోజు మార్చేయమని నా సలహా. ఈ కారులో షాక్, స్ప్రింగు విడివిడిగా ఉంటాయి కాబట్టి పాతవి ఉంచుకున్నా పని ఆగదు. కానీ లక్ష మైళ్లు తిరిగిన షాకుల మీద కొత్త స్ప్రింగు వేస్తే కారు హైవే మీద ఓడలా ఊగుతుంది, తప్పు స్ప్రింగుదనుకుని తిట్టుకుంటారు. ఎలాగూ కింది బోల్టు విప్పుతున్నారు, పైన నట్టు ఒక్కటేగా మిగిలేది.

పనిముట్లలో ఫ్లోర్ జాకీ ఒకటి తప్పనిసరి, రెండు ఉంటే సుఖం. కారుతో వచ్చే కత్తెర జాకీ ఈ పనికి పనికిరాదు. మూడు టన్నుల జాక్ స్టాండ్లు రెండు, చక్రాలకి అడ్డుపెట్టే చెక్కలు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి, పొడుగాటి ప్రై బార్, తుప్పు నట్లని వదులు చేసే పెనిట్రేటింగ్ ఆయిల్, కళ్లద్దాలు. కింద గట్టి కాంక్రీటు ఉండాలి, ఎండకి మెత్తబడే తారు మీద స్టాండ్లు దిగబడతాయి. అపార్ట్‌మెంట్లో ఉంటే లీజు చదువుకోండి, పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలా చోట్ల రాసే ఉంటుంది. సొంతిల్లున్న స్నేహితుడి గరాజ్ అయితే మంచిది, బిర్యానీతో ఒప్పందం కుదిరిపోతుంది.

ముందు రోజు రాత్రే షాకుల కింది బోల్టులకి, స్వే బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) లింకు నట్లకి ఆయిల్ కొట్టి వదిలేయండి. టెక్సాస్, కాలిఫోర్నియా కార్లకి తుప్పు తక్కువ. న్యూజెర్సీ, మిషిగన్, షికాగో కార్లయితే చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు పుణ్యమా అని నట్లు కరుచుకుపోయి ఉంటాయి. రాకపోతే మంట పెట్టి వేడి చేద్దామనే ఆలోచన మాత్రం రానివ్వొద్దు, ఈ కారులో పెట్రోలు ట్యాంకు సరిగ్గా వెనక యాక్సిల్‌కి వెనకే ఉంటుంది. యాక్సిల్ మీద ఉన్న బ్రేకు గొట్టాలు కూడా ఓసారి చూడండి, తుప్పుతో పెచ్చులు లేస్తుంటే ఆ పని ముందు, స్ప్రింగులు తర్వాత.

పని మొదలుపెట్టే ముందు కారు ఎత్తు కొలిచి రాసుకోండి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు, నాలుగు వైపులా. వెనక ఇప్పటికే కూలబడి ఉన్నా ముందు కొలతలు పనికొస్తాయి.

తర్వాత డిక్కీ తెరిచి లోపల ఉన్న ఎయిర్ సస్పెన్షన్ స్విచ్ ఆఫ్ చేయండి. జాకీ పెట్టకముందే ఇది జరగాలి. స్విచ్ ఆన్‌లో ఉండగా కారు ఎత్తితే, వెనక భాగం పైకి లేచింది కదా అని మాడ్యూల్ గాలి వదిలేస్తుంది, లేదా ఎవరో తలుపు తీయగానే సిస్టమ్ నిద్రలేచి తన పని తాను మొదలుపెడుతుంది, మీరేమో కింద ఉంటారు. ఫోర్డ్ కూడా కారు ఎత్తే ముందు, టో చేసే ముందు ఈ స్విచ్ ఆపమనే చెప్తుంది.

ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు పెట్టి, వెనక చక్రాల నట్లు నేల మీదే కాస్త వదులు చేసి, కారుని లేపండి. స్టాండ్లు ఫ్రేము కింద, వెనక చక్రాలకి కొంచెం ముందు. యాక్సిల్ కింద స్టాండ్లు పెడితే పని జరగదు, ఎందుకంటే యాక్సిల్నే కిందకి దింపాలి. స్టాండ్ల మీద దించాక కారుని గట్టిగా నెట్టి చూడండి. దాదాపు రెండు టన్నుల కారు, కదిలేదేదో మీరు బయట ఉన్నప్పుడే కదలాలి. చక్రాలు తీసి, జాకీని యాక్సిల్ కింద ఆనించి ఉంచండి.

ఇప్పుడు గాలి తీయడం, మొత్తం పనిలో నిజంగా ప్రమాదం ఉన్న చోటు ఇదే. బ్యాగు పైభాగాన ఫ్రేము దగ్గర సోలినాయిడ్ ఉంటుంది. దాని కరెంటు కనెక్టర్ తీసి, గాలి పైపుని జాయింటు దగ్గరున్న రింగు లోపలికి నొక్కి పట్టుకుని లాగేయండి. తర్వాత సోలినాయిడ్‌ని పట్టి ఉంచే చిన్న క్లిప్పు తీసి, దాన్ని అపసవ్య దిశలో మొదటి ఆపు దాకా మాత్రమే తిప్పండి. బుస్సుమని గాలి పోవడం వినిపిస్తుంది. అక్కడే ఆగండి. గాలి మొత్తం పోయి, శబ్దం ఆగి, బ్యాగు చేత్తో నొక్కితే మెత్తగా అయ్యాకే ఇంకాస్త తిప్పి బయటికి లాగాలి. తొందరపడి ఒకేసారి తిప్పేస్తే లోపలి ఒత్తిడికి అది తూటాలా బయటికొస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోమన్నది ఇందుకే, ముఖం దానికి ఎదురుగా ఉంచొద్దు. కారు కూలబడే ఉంది కదా, గాలెక్కడుంటుంది అనుకోకండి, ఒక పక్క ఖాళీ అయినా రెండో పక్క నిండుగా ఉండొచ్చు.

రెండు వైపులా గాలి పోయాక షాకుల కింది బోల్టులు, స్వే బార్ లింకులు విప్పి, ఎత్తు సెన్సర్ కడ్డీని దాని గుండు జాయింటు నుంచి ఊడదీసి, జాకీని కొంచెం కొంచెంగా దించండి. దించుతూ ఒక కన్ను ఎప్పుడూ బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ వైరు మీద ఉంచండి. యాక్సిల్ బరువు గొట్టం మీద వేలాడకూడదు, లాగుతున్నట్టు అనిపిస్తే ఆగి, గొట్టం బ్రాకెట్టు వదులు చేసుకోండి. వాట్స్ లింక్ జోలికి, కంట్రోల్ ఆర్మ్‌ల జోలికి వెళ్లనక్కర్లేదు.

బ్యాగు పైన పట్టి ఉంచే క్లిప్పు ఒకటుంటుంది, అది తీసేయాలి. కింద యాక్సిల్ సీటులో ప్లాస్టిక్ పిస్టన్ గట్టిగా కూర్చుని ఉంటుంది, ప్రై బార్‌తో కింది నుంచి ఎత్తుతూ మెలి తిప్పితే వచ్చేస్తుంది. మొండికేస్తే మొహమాటపడక్కర్లేదు, అది ఎలాగూ చెత్తబుట్టకే. పైనా కిందా సీట్లని వైర్ బ్రష్‌తో రుద్ది మట్టి, తుప్పు పోగొట్టండి. ఫ్రేముకి ఉన్న బంప్ స్టాప్ రబ్బర్లు కూడా చూడండి, ఇన్నేళ్లు కూలబడ్డ కారు వాటి మీదే నడిచి ఉంటుంది, చితికిపోతే మార్చేయాలి.

కొత్త స్ప్రింగు మీద పై ఇన్సులేటర్ పెట్టి, జారిపోకుండా టేపు చుట్టేయండి. యాక్సిల్ తగినంత దిగితే స్ప్రింగు చేత్తోనే ఎక్కుతుంది, స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు అవసరం రాకూడదు. చివర్లో ఒక అంగుళం అడ్డు వస్తుంటే రెండో పక్క యాక్సిల్‌ని జాకీతో కాస్త లేపితే ఈ పక్క ఇంకొంచెం దిగుతుంది. స్ప్రింగు కొస ఎటు ఉండాలో కిట్టు కాగితంలో చూసి, రెండు పక్కలా అలాగే పెట్టండి. యాక్సిల్ లేపుతున్నప్పుడు స్ప్రింగు సీటులో సరిగ్గా కూర్చుంటోందా అని పక్క నుంచి చూస్తూ లేపండి, చేతి వేళ్లు మధ్యలో పెట్టకండి.

షాకులు, స్వే బార్ లింకులు బిగించేటప్పుడు రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని ముందు చేతి బిగింపుతో వదిలి, యాక్సిల్‌ని మామూలు ఎత్తుకి లేపాక, అంటే కారు బరువు స్ప్రింగు మీద పడ్డాకే చివరి టార్క్ ఇవ్వాలి. వేలాడుతుండగా బిగిస్తే కారు దించిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అంకెలు మీ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి, చక్రాల నట్లకి మాత్రం 100 అడుగు-పౌండ్లు, స్టార్ ఆకారంలో.

ఇనుము పని ఇక్కడితో అయిపోయింది. వైర్ల పని చిన్నదే అయినా చాలామంది సగంలో వదిలేసేది దీన్నే. ఊడదీసిన సోలినాయిడ్ కనెక్టర్లు, సెన్సర్ కనెక్టర్ నీళ్లు పోకుండా చుట్టి, ఎగ్జాస్ట్‌కి దూరంగా కట్టేయండి. గాలి పైపులు మూసి కట్టండి లేదా మొత్తం లాగేయండి. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే రిలే తీసేయండి, లేకపోతే ఎప్పుడైనా స్విచ్ ఆన్ అయితే నింపడానికి బ్యాగే లేని కంప్రెసర్ ఊరికే తిరుగుతుంది.

మాడ్యూల్‌ని మాత్రం ఆవేశంగా పీకేయొద్దు. కొన్ని ఏళ్ల మోడళ్లలో గాలి సస్పెన్షన్నీ, వేగాన్ని బట్టి పవర్ స్టీరింగ్ తేలికదనాన్నీ ఒకే మాడ్యూల్ చూసుకుంటుంది. దాన్ని తీసేస్తేనో, దాని ఫ్యూజు పీకేస్తేనో సస్పెన్షన్‌తో పాటు స్టీరింగ్ తీరు కూడా మారిపోతుంది, కారణం తెలియక స్టీరింగ్ పంపు మార్చేవాళ్లున్నారు. డిక్కీ స్విచ్ ఆఫ్‌లో ఉంచడమే శుభ్రమైన పద్ధతి.

స్విచ్ ఆఫ్‌లో ఉంటే డ్యాష్‌బోర్డు మీద సస్పెన్షన్ హెచ్చరిక వెలుగుతూనే ఉంటుంది. కొన్ని కిట్లతో దాన్ని ఆర్పే చిన్న మాడ్యూల్ వస్తుంది, కొనేటప్పుడే అడిగి అది ఉన్న కిట్టు తీసుకోవడం మేలు. ఎమిషన్ టెస్టులో చూసేది చెక్ ఇంజిన్ లైటు కాబట్టి దీని గురించి ఆ టెన్షన్ అక్కర్లేదు. అయినా ఎదురుగా రోజూ ఒక లైటు వెలుగుతుంటే కొత్తగా ఇంకోటి వెలిగినా పట్టించుకోకుండా అలవాటైపోతుంది, అందుకే ఆర్పించుకోమంటాను.

కారు దించగానే వెనక కాస్త ఎత్తుగా కనిపిస్తే కంగారుపడకండి, కొత్త స్ప్రింగులు కొన్ని వందల మైళ్లు తిరిగాక కొంచెం దిగుతాయి. మొదట వీధిలోనే నెమ్మదిగా తిప్పి, టంగుమనే శబ్దాలేమైనా ఉన్నాయా వినండి. ఉంటే ఎక్కువగా స్ప్రింగు సీటులో పక్కకి కూర్చున్నట్టు, లేదా లింకు నట్టు వదులుగా ఉన్నట్టు. యాభై, వంద మైళ్ల తర్వాత చక్రాల నట్లు, షాక్ బోల్టులు మళ్లీ ఓసారి టార్క్ రెంచితో చూడండి. వెనక ఉన్నది సాలిడ్ యాక్సిల్ కాబట్టి అక్కడ అలైన్‌మెంట్ ఉండదు, కానీ వెనక ఎత్తు మారితే ముందు క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండే తీరు) కొద్దిగా మారుతుంది. కారు పక్కకి లాగుతుంటే ముందు అలైన్‌మెంట్ చూపించండి. రాత్రి గోడకి ఎదురుగా నిలిపి హెడ్‌లైట్ల ఎత్తు సరిచేసుకోండి.

ఇక డిక్కీలో ఆ స్విచ్ మీద ఒక టేపు ముక్క అంటించి, కాయిల్స్ వేశామని, దీన్ని ఆన్ చేయొద్దని ఇంగ్లీషులో రాసి పెట్టండి. రేపు ఆయిల్ మార్చే కుర్రాడో, టో ట్రక్కు అతనో, కారు కొనుక్కున్న మనిషో ఆఫ్‌లో ఉంది కదా అని సాయం చేయబోతారు.